నిద్ర ముందా, డిప్రెషన్ ముందా? మెదడులో వందేళ్ల వెతుకులాట

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక మెసేజ్‌తో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట నా రూమ్మేట్ తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి నాకు పంపిన మెసేజ్ ఇది. వాడు పక్క గదిలోనే ఉన్నాడు. "మామా, మళ్ళీ మెలకువ వచ్చేసిందిరా. పడుకున్నావా?" అంతే. నేను పొద్దున లేచి చూసి, "ఫోన్ పక్కన పెట్టి పడుకో రా, నిద్ర అదే వస్తుంది" అని రిప్లై ఇచ్చాను. చివర్లో ఒక నవ్వుతున్న ఎమోజీ కూడా పెట్టాను.

అప్పుడు మా ఇద్దరివీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అమెరికా క్లయింట్లు, రాత్రి కాల్స్. మా ఫీల్డ్‌లో నిద్ర చెడిపోవడం అందరికీ ఉండేదే కదా అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత వాడికి డిప్రెషన్ అని డాక్టర్ చెప్పారు. వెనక్కి తిరిగి చూసుకుంటే, వాడు తిండి తగ్గించింది, క్రికెట్ చూడడం మానేసింది, ఇంటికి ఫోన్ చేయడం మానేసింది, ఇవన్నీ తర్వాత జరిగినవి. అన్నిటికంటే ముందు చెడింది నిద్రే. రోజంతా లాగ్స్ చదివి బగ్ ఎక్కడుందో పట్టుకోవడం నా ఉద్యోగం. పక్క గదిలో ఎనిమిది నెలలు నడిచిన లాగ్‌ని మాత్రం చదవలేకపోయాను.

వాడు ఇప్పుడు బాగున్నాడు. వాడి పర్మిషన్ తీసుకునే ఇది చెప్తున్నాను.

మన పెద్దవాళ్ళు అంటారు కదా, "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని. నిజంగా నిద్ర ముంచుకొస్తే బస్సులో నిలబడి కూడా కునుకు తీస్తాం. మరి మెత్తటి పరుపు ఉంది, పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఒళ్ళు పూర్తిగా అలసిపోయింది, అయినా నిద్ర రావట్లేదంటే? వచ్చినా తెల్లవారుజామున మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంటే? అక్కడ సామెత పనిచేయట్లేదు. లోపల వేరే ఏదో జరుగుతోంది.

అదేంటో కనుక్కోవడానికి సైంటిస్టులకి దాదాపు వందేళ్లు పట్టింది. ఈ రోజు ఆ వందేళ్ల కథ చెప్పుకుందాం. కథ మొత్తంలో ఒకటే ప్రశ్న గుర్తుపెట్టుకోండి. డిప్రెషన్ వల్ల నిద్ర చెడుతుందా, నిద్ర చెడడం వల్ల డిప్రెషన్ వస్తుందా? చాలాకాలం డాక్టర్లు మొదటిదే నమ్మారు. డిప్రెషన్ మంట, నిద్రలేమి దాని పొగ. మంట ఆర్పితే పొగ అదే పోతుంది, పొగ గురించి వేరే బెంగ ఎందుకు, అని. ఆ నమ్మకం ఎలా మారిందో చూద్దాం.

మొదటి సీన్ వియన్నా. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కాన్‌స్టాంటిన్ వాన్ ఎకొనమో అనే డాక్టర్ దగ్గరికి వింత రోగులు వస్తున్నారు. కొందరు వారాల తరబడి నిద్రపోతున్నారు. లేపితే లేస్తారు, మాట్లాడతారు, మళ్ళీ నిద్రలోకి జారిపోతారు. ఇంకొందరికి పూర్తిగా రివర్స్, అసలు నిద్రే లేదు. 1917లో ఆయన ఈ జబ్బు గురించి రాశాడు. దాని పేరు ఎన్సెఫలైటిస్ లెథార్జికా. చనిపోయిన రోగుల మెదళ్ళని ఆయన మైక్రోస్కోప్ కింద పరీక్షించాడు. మెదడు అడుగున హైపోథలామస్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. అతినిద్ర ఉన్నవాళ్ళలో దాని వెనక వైపు దెబ్బతింది. నిద్రే లేనివాళ్ళలో ముందు వైపు దెబ్బతింది.

ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అప్పటిదాకా చాలామంది అనుకున్నదేంటంటే, నిద్ర అంటే మెదడు స్విచ్ ఆఫ్ అయిపోవడం అని. ఎకొనమో చూపించింది వేరు. మెలకువగా ఉంచడానికి ఒక చోటు, నిద్రపుచ్చడానికి ఇంకో చోటు ఉన్నాయి. అంటే నిద్ర కూడా మెదడు చేసే ఒక పని. పని అన్నాక అది చెడిపోయే అవకాశం కూడా ఉంటుంది.

రెండో సీన్ జర్మనీలో యేనా అనే ఊరు. ఇక్కడ మన హీరో హాన్స్ బెర్గర్, సైకియాట్రిస్ట్. ఈయన కథ సినిమాలా ఉంటుంది. కుర్రాడిగా మిలిటరీలో ఉన్నప్పుడు గుర్రం మీద నుంచి పడి, ఫిరంగి బండి కింద నలిగిపోవాల్సినవాడు వెంట్రుకవాసిలో బతికాడు. అదే రోజు ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది, క్షేమమేనా అని. ఎక్కడో దూరంగా ఉన్న సోదరికి ఏదో కీడు జరిగిందని అనిపించి, తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది. తన భయం ఆమెకి ఎలా చేరింది? మెదడు నుంచి ఏదైనా శక్తి బయటికి వెళ్తుందా? ఈ ప్రశ్న పట్టుకుని బెర్గర్ జీవితమంతా తిరిగాడు. టెలిపతీ దొరకలేదు. ఆ వెతుకులాటలో ఇంకోటి దొరికింది. 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి మెదడులోని కరెంటు తరంగాలను రికార్డ్ చేశాడు. ఐదేళ్లు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ మళ్ళీ చెక్ చేసుకుని 1929లో పబ్లిష్ చేశాడు. ఈ రోజు ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఉండే ఈఈజీ ఆయన పుణ్యమే. మొదట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ ఏడ్రియన్ అదే ప్రయోగం చేసి నిజమే అన్నాక ప్రపంచం తిరిగి చూసింది.

ఈ కథకి ఒక బాధాకరమైన ముగింపు ఉంది. బెర్గర్ కూడా డిప్రెషన్‌తో పోరాడాడు. 1941లో ఆ స్థితిలోనే తన ప్రాణం తానే తీసుకున్నాడు. డిప్రెషన్ ఉన్నవాళ్ళ నిద్రలోకి తొంగిచూడడానికి తర్వాతి తరాలు వాడిన మెషీన్‌ని తయారుచేసిన మనిషికే ఆ జబ్బు. తెలివి, పేరు, చదువు ఏవీ దీనికి అడ్డుగోడ కావు.

మూడో సీన్ అమెరికాలో షికాగో యూనివర్సిటీ. 1951 చివర్లో యూజీన్ అసరిన్‌స్కీ అనే స్టూడెంట్ దగ్గర డబ్బుల్లేవు, మంచి ఎక్విప్‌మెంట్ లేదు. బేస్‌మెంట్‌లో ఎవరూ వాడకుండా పడేసిన పాత ఈఈజీ మెషీన్‌ని రిపేర్ చేసుకున్నాడు. దాని మీద పరీక్షించడానికి మనిషి కావాలి కదా? ఎనిమిదేళ్ల తన కొడుకు ఆర్మండ్‌ని పడుకోబెట్టి వైర్లు తగిలించాడు. రాత్రంతా మెషీన్ పెన్నులు కాగితం మీద గీతలు గీస్తూనే ఉంటాయి, దాదాపు అర మైలు పొడవు కాగితం! మధ్యలో ఒక్కసారిగా గీతలు పిచ్చిపట్టినట్టు ఊగాయి. పిల్లాడు లేచాడేమో అని వెళ్లి చూస్తే గాఢంగా నిద్రపోతున్నాడు. రెప్పల కింద కళ్ళు మాత్రం గబగబా కదులుతున్నాయి. 1953లో అసరిన్‌స్కీ, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మన్ కలిసి దీన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. అదే రెమ్ నిద్ర. కళ్ళు వేగంగా కదిలే నిద్ర, ఎక్కువ కలలు వచ్చే నిద్ర.

దీంతో రాత్రికి ఒక మ్యాప్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు నిద్రలోకి జారాక ముందు తేలిక నిద్ర, తర్వాత గాఢ నిద్ర, సుమారు 90 నిమిషాల తర్వాత మొదటి రెమ్. ఇలాంటి రౌండ్లు రాత్రికి నాలుగో ఐదో. రాత్రి మొదటి సగంలో గాఢ నిద్ర ఎక్కువ, తెల్లవారే కొద్దీ రెమ్ ఎక్కువ.

మ్యాప్ చేతికొచ్చాక, డిప్రెషన్ ఉన్నవాళ్ళ రాత్రి ఎలా ఉందో చూడాలి కదా. 1972లో డేవిడ్ కుప్‌ఫర్, ఆయనతో పాటు ఫోస్టర్, లాన్సెట్ పత్రికలో ఒక పేపర్ రాశారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో చాలామందికి మొదటి రెమ్ చాలా తొందరగా వచ్చేస్తోంది. 90 నిమిషాలకి రావాల్సింది గంట లోపే వచ్చేస్తోంది. గాఢ నిద్ర తగ్గిపోతోంది. అందరిలో పెద్ద ఆశ పుట్టింది. షుగర్‌కి రక్తపరీక్ష ఉన్నట్టు డిప్రెషన్‌కి కూడా ఒక పరీక్ష దొరికిందా అని.

దొరకలేదు. కొన్నేళ్లకి ఇలాంటి మార్పులే వేరే జబ్బుల్లో కూడా కనిపించాయి. డిప్రెషన్ ఉన్నా ఈ మార్పు లేనివాళ్ళూ ఉన్నారు. పరీక్షగా ఫెయిల్ అయింది. కానీ ఒక సాక్ష్యం మిగిలింది. "నాకు నిద్ర పట్టట్లేదు" అని రోగి చెప్పే మాట వట్టి కంప్లయింట్ కాదు, కాగితం మీద గీతల్లో కనిపించే నిజం.

ఇప్పుడు కథలో అసలు ట్విస్ట్. అవే రోజుల్లో, 1971లో, జర్మనీలో ఫ్లుగ్, టోల్లె అనే ఇద్దరు డాక్టర్లు ఒక ప్రయోగం గురించి రాశారు. డిప్రెషన్ రోగులను ఆసుపత్రిలో ఒక రాత్రి మొత్తం మేలుకునే ఉంచారు. అసలే నిద్ర లేనివాళ్ళు, ఇంకా దిగజారిపోతారనే కదా ఎవరైనా అనుకునేది? తెల్లారేసరికి చాలామంది మనసు తేలికపడింది! తర్వాత ఎన్నో చోట్ల ఇదే ప్రయోగం చేశారు. సుమారు సగం మందికి పైగా ఇలాగే తేరుకున్నారు. డిప్రెషన్ మందులకు వారాలు పడుతుంది, ఇది ఒక్క రాత్రిలో జరిగింది.

ఆగండి, వెంటనే ట్రై చేద్దాం అనుకోకండి. ఆ తేలిక నిలబడలేదు. మరుసటి రాత్రి మామూలుగా నిద్రపోగానే చాలామందికి డిప్రెషన్ తిరిగొచ్చేసింది. బైపోలార్ ఉన్నవాళ్ళలో మేలుకోవడం వల్ల మేనియా కూడా రావచ్చు. డాక్టర్ల కళ్ళ ముందు తప్ప ఇంట్లో చేయాల్సిన పని కాదు ఇది.

కానీ సైన్స్‌కి ఇది చాలా పెద్ద క్లూ. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక చోట వాల్యూ మారిస్తే ఇంకో చోట అవుట్‌పుట్ మారుతోంది. అంటే ఆ రెండూ ఎక్కడో కనెక్ట్ అయి ఉన్నాయి. నిద్ర వట్టి పొగ అయితే, పొగని కదిలిస్తే మంట ఎందుకు కదిలింది? 1992లో జోసెఫ్ వూ టీమ్ స్కానింగ్‌తో దీన్ని చూసింది. మేలుకోవడం వల్ల తేరుకున్నవాళ్ళ మెదడులో సింగులేట్ అనే భాగం ముందు నుంచే ఎక్కువ వేడి మీద ఉంది. రాత్రంతా మేలుకున్నాక అది చల్లబడింది. భావోద్వేగాలకి, ఆలోచనకి మధ్య జంక్షన్ లాంటి భాగం అది. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇదే టైమ్‌లో ఇంకో వైపు నుంచి కూడా సాక్ష్యాలు వచ్చాయి, ఈసారి ల్యాబ్ నుంచి కాదు, జనం నుంచి. 1989లో ఫోర్డ్, కామెరో అనే ఇద్దరు రీసెర్చర్లు అమెరికాలో 7,954 మంది వివరాలను ఏడాది తేడాతో రెండుసార్లు తీసుకున్న సర్వేని విశ్లేషించారు. రెండుసార్లూ నిద్రలేమి ఉందని చెప్పినవాళ్ళలో కొత్తగా డిప్రెషన్ వచ్చే రిస్క్ చాలా ఎక్కువగా ఉంది. మధ్యలో నిద్ర కుదురుకున్నవాళ్ళలో ఆ రిస్క్ బాగా తక్కువ. 1997లో జాన్స్ హాప్కిన్స్ నుంచి ఇంకా పొడవైన కథ వచ్చింది. అక్కడ 1948 నుంచి 1964 మధ్య మెడిసిన్ పాసైన 1,053 మంది మగ స్టూడెంట్లను దశాబ్దాల పాటు ఫాలో అయ్యారు. సుమారు 34 ఏళ్ల ఫాలో అప్! కాలేజీ రోజుల్లో నిద్రలేమి ఉందని చెప్పినవాళ్ళకి తర్వాత డిప్రెషన్ వచ్చే రిస్క్ రెట్టింపు ఉంది. 2011లో 21 స్టడీలను కలిపి చూసినా దాదాపు అదే లెక్క, రెట్టింపు.

ఒక్క నిమిషం, ఈ లెక్కని తప్పుగా అర్థం చేసుకోవద్దు. రిస్క్ రెట్టింపు అంటే నిద్ర పట్టని ప్రతివాళ్ళకీ డిప్రెషన్ వస్తుందని కాదు. ఎక్కువమందికి రాదు. ఇక్కడ పాయింట్ వేరు. పొగ మంట కంటే ముందే కనిపిస్తోంది. కొన్నిసార్లు ఏళ్ల ముందు.

మరి ఆ కనెక్షన్ ఎక్కడ? దానికి మెదడుని ముక్కలుగా కాకుండా నెట్‌వర్క్‌గా చూడడం నేర్చుకోవాలి. ఆ దారి తెరిచినవాళ్ళలో భారత సంతతి స్టూడెంట్ ఒకరు ఉన్నారు, భరత్ బిస్వాల్. అమెరికాలో విస్కాన్సిన్ మెడికల్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌లో మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నప్పుడు వచ్చే సిగ్నల్‌ని అప్పట్లో అందరూ నాయిస్ అని పక్కన పడేసేవారు. ఆయన ఆ నాయిస్‌ని కూర్చుని చూశారు. ఎడమ వైపు చేతిని కదిలించే భాగం, కుడి వైపు చేతిని కదిలించే భాగం, చేతులు కదలకపోయినా ఒకే లయలో పైకీ కిందికీ వెళ్తున్నాయి! 1995లో ఈ పేపర్ వచ్చింది. ఒకే లయలో నడిచే భాగాలు ఒకే నెట్‌వర్క్. ఇప్పుడు మనం బ్రెయిన్ నెట్‌వర్క్ అని మాట్లాడేదానికి పునాది ఇదే.

2001లో సెయింట్ లూయిస్‌లో మార్కస్ రైకల్ టీమ్ ఒక నెట్‌వర్క్‌కి పేరు పెట్టింది, డిఫాల్ట్ మోడ్ అని. మన బరువులో మెదడు సుమారు 2 శాతమే, కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం అదే తింటుంది. ఏ పనీ చేయకపోయినా! మనం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఈ డిఫాల్ట్ నెట్‌వర్క్ పనిలో ఉంటుంది. "నేను అప్పుడు అలా అనకుండా ఉండాల్సింది", "రేపు మేనేజర్ ఏమంటాడో", "నా లైఫ్ ఎటు పోతోంది", ఇలా మన గురించి మనం అనుకునేదంతా ఎక్కువగా ఇక్కడి ఖాతాలోనే. ఏదైనా పనిలో మునిగితే ఇది తగ్గుతుంది.

డిప్రెషన్‌లో అది సరిగ్గా తగ్గట్లేదని 2009లో అదే సెయింట్ లూయిస్ నుంచి ఈవెట్ షెలీన్ టీమ్ చూపించింది. బాధ కలిగించే ఫోటోలు చూపిస్తూ పని ఇచ్చినా, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఈ నెట్‌వర్క్ సౌండ్ తగ్గలేదు. పక్కింటి టీవీ ఆగకుండా మోగుతున్నట్టు అన్నమాట. అదే ఏడాది ఇంకో టీమ్ నిద్రపోతున్న ఆరోగ్యవంతులను స్కాన్ చేసింది. గాఢ నిద్రలో ఈ నెట్‌వర్క్ ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య కనెక్షన్ వదులవుతోంది. రాత్రి మొదటి సగంలో మెదడు ఆ టీవీ ప్లగ్‌ని తీసేసినంత పని చేస్తోంది.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. 1972 నుంచి మనకి తెలుసు, డిప్రెషన్‌లో గాఢ నిద్ర తగ్గుతుందని. అంటే "నేను, నా తప్పులు, నా భవిష్యత్తు" అనే నెట్‌వర్క్‌కి బ్రేక్ దొరికే టైమే తగ్గుతోంది. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు బుర్రలోకి వచ్చేవి ఎప్పుడూ సంతోషకరమైన విషయాలు ఎందుకు కావో అర్థమవుతోందా?

ఇంకో ముక్క కూడా ఉంది. మెదడు లోపల అమిగ్డాలా అని ఉంటుంది, బాదంపప్పు సైజు, భయానికీ ప్రమాదానికీ అలారం లాంటిది. 2007లో యూ, మాథ్యూ వాకర్ టీమ్ ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచి, చెడ్డ ఫోటోలు చూపించింది. నిద్రపోయినవాళ్ళతో పోలిస్తే వాళ్ళ అలారం 60 శాతం ఎక్కువగా మోగింది. అలారంని అదుపు చేయాల్సిన నుదుటి వెనక భాగంతో దాని కనెక్షన్ బలహీనపడింది. 2004లో పిట్స్‌బర్గ్‌లో ఎరిక్ నోఫ్జింగర్ టీమ్ నిద్రలేమి ఉన్నవాళ్ళని చూసింది. నిద్రలోకి వెళ్ళాక కూడా మెలకువ భాగాలు తగ్గాల్సినంత తగ్గట్లేదు. మనిషి పడుకున్నాడు, వాచ్‌మన్ మాత్రం విజిల్ వేస్తూనే ఉన్నాడు.

చివరికి 2018లో ఈ ముక్కలన్నిటినీ ఒకే చోట చూసే ప్రయత్నం జరిగింది. బ్రిటన్‌లోని వారిక్ యూనివర్సిటీ, చైనాలోని ఫుడాన్ యూనివర్సిటీ సైంటిస్టులు 1,017 మంది స్కాన్లు తీసుకున్నారు. నిద్ర బాగా లేకపోవడంతో ముడిపడిన కనెక్షన్లు 162 దొరికాయి. అందులో 39 కనెక్షన్లు డిప్రెషన్ లక్షణాలతో కూడా ముడిపడి ఉన్నాయి. ఆ లిస్ట్‌లో ఎవరెవరు ఉన్నారో చూడండి. సింగులేట్, అమిగ్డాలా, డిఫాల్ట్ నెట్‌వర్క్‌లోని ప్రీక్యూనియస్, ఇంకా చేదు అనుభవాలను లెక్కగట్టే ఆర్బిటోఫ్రాంటల్ భాగం. ఈ ఫలితాలను యూకే బయోబ్యాంక్‌లోని 8,718 మంది మీద మళ్ళీ చెక్ చేశారు. అంటే నిద్రకి ఒక ఇల్లు, డిప్రెషన్‌కి ఇంకో ఇల్లు కాదు. కొన్ని గదులు రెండిటికీ ఉమ్మడి.

ఇక్కడ ఆపేస్తే కథ నీట్‌గా ఉంటుంది, కానీ నిజాయితీగా ఉండదు. 2019లో చైనాలోని 25 గ్రూపులు కలిసి 1,300 మంది డిప్రెషన్ రోగులను, 1,128 మంది ఆరోగ్యవంతులను పోల్చాయి. డిప్రెషన్‌లో డిఫాల్ట్ నెట్‌వర్క్ లోపలి కనెక్షన్లు పెరుగుతాయని చాలా చిన్న స్టడీలు చెప్పాయి కదా, ఇక్కడ పదేపదే డిప్రెషన్ వచ్చినవాళ్ళలో అవి తగ్గి కనిపించాయి! అందులో మందుల ప్రభావం కూడా ఉందని తేలింది. పైగా స్కాన్ అనేది ఒక ఫోటో లాంటిది. ఇద్దరు పక్కపక్కన నిలబడ్డారని ఫోటో చెప్తుంది, ముందు ఎవరు వచ్చారో చెప్పదు. కాబట్టి "మీ మెదడు స్కాన్ చేసి డిప్రెషన్ ఉందో లేదో చెప్తాం" అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. సైన్స్ ఇంకా అక్కడికి వెళ్ళలేదు.

ముందు ఎవరు వచ్చారో తెలియాలంటే ఒకటే దారి, ఒకదాన్ని సరిచేసి రెండోది మారుతుందో లేదో చూడడం. అదీ జరిగింది. 2021లో లాస్ ఏంజెలెస్‌లో మైఖేల్ ఇర్విన్ టీమ్ నిద్రలేమి ఉండి, డిప్రెషన్ లేని 291 మందిని తీసుకుంది. అందరూ 60 దాటినవాళ్ళే. దాదాపు సగం మందికి రెండు నెలలు నిద్ర కోసం మాటలతో చేసే ట్రీట్‌మెంట్, మిగతావాళ్ళకి నిద్ర గురించి క్లాసులు. మూడేళ్లు ఫాలో అయ్యారు. క్లాసులు విన్నవాళ్ళలో 25.9 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది. ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో 12.2 శాతానికే. సగం కంటే తక్కువ! నిద్రని సరిచేస్తే డిప్రెషన్ రాకుండా కొంత ఆపొచ్చు అని చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం ఏం కావాలి?

అంటే మన ప్రశ్నకి జవాబు ఏంటి? ఏది ముందు? రెండు వైపులా రోడ్డు ఉంది. డిప్రెషన్ నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర డిప్రెషన్‌ని పిలుస్తుంది, పెంచుతుంది. వైద్య పుస్తకాలు కూడా ఒప్పుకున్నాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం 5 అనే మాన్యువల్‌లో, నిద్రలేమిని వేరే జబ్బుకి తోకగా చూసే పద్ధతి తీసేశారు. డిప్రెషన్ ఉన్నా సరే, నిద్రలేమిని దానికదే ఒక సమస్యగా గుర్తించి ట్రీట్ చేయాలి.

ఆ మాటల ట్రీట్‌మెంట్‌లో ఏముంటుంది? పేరు సీబీటీ ఐ. అందులో ఒక ముఖ్యమైన భాగం 1972లోనే రిచర్డ్ బూట్జిన్ రాశాడు, చూశారా, కుప్‌ఫర్ పేపర్ వచ్చిన సంవత్సరమే. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కాలి. మంచం మీద ఫోన్, ల్యాప్‌టాప్, ఆఫీస్ పని వద్దు. కాసేపటికీ నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, నిద్ర వచ్చాకే తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైమ్‌కి లేవాలి. వినడానికి మా అమ్మమ్మ చెప్పే మాటల్లాగే ఉంటాయి. కానీ ట్రైనింగ్ ఉన్నవాళ్ళ దగ్గర, వారాల పాటు, డైరీ రాసుకుంటూ చేస్తేనే అది ట్రీట్‌మెంట్. మీరు ఇప్పటికే మందులు వాడుతుంటే ఈ వీడియో చూసి ఆపకండి, డాక్టర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు నా రూమ్మేట్ మెసేజ్ దగ్గరికి వెళ్దాం. "మళ్ళీ మెలకువ వచ్చేసిందిరా." ఈ వాక్యంలో ముఖ్యమైన పదం ఏది? నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. "మళ్ళీ." అది ఒక్క రాత్రి సంగతి కాదని వాడు నాకు చెప్పాడు. నేను వినలేదు. ఫోన్ పక్కన పెట్టమన్నాను. నిజానికి వాడికి మెలకువ వచ్చాకే ఫోన్ తీశాడు, మాట్లాడడానికి ఒక మనిషి కావాలని.

అందుకే ఈ ఎపిసోడ్ నుంచి ఒక్కటి తీసుకెళ్ళండి. మీ ఫ్రెండో, అక్కో, నాన్నగారో "నిద్ర పట్టట్లేదు" అంటే వెంటనే సలహా ఇవ్వకండి. ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్ళ నుంచి? మెలకువ వచ్చినప్పుడు ఏం ఆలోచనలు వస్తున్నాయి? వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇలా ఉంటే అది నిద్రలేమి జబ్బు, డాక్టర్‌కి చూపించాల్సిందే. దానికి తోడు రెండు వారాలుగా మనసు బరువుగా ఉండి, ఇష్టమైన పనులు కూడా రుచించకపోతే అసలు ఆలస్యం చేయొద్దు. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే ఎవరితోనైనా మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి కూడా.

నా రూమ్మేట్ ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు. పోయిన నెల ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి వాడి నుంచి మెసేజ్ వచ్చింది. "మామా, ఇప్పుడే లేచా." దానికి నేను ఎమోజీ పెట్టలేదు. ఫోన్ చేశాను.

ఇదీ ఈ రోజు ఎపిసోడ్. ఇది అర్ధరాత్రి దాటాక చదువుతుంటే, ఇక్కడితో ఆపి కళ్ళు మూసుకోండి. మిగతా ఎపిసోడ్లు ఎక్కడికీ పోవు. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.